కంబళిలో ఉన్నవాడి పేరు

బెంగళూరు, బళేపేట
24-11-1946

అత్తకు మునిలక్ష్మి నమస్కారాలు.

ముందు క్షేమసమాచారాలు రాసి ఆ తర్వాతే కబుర్లు రాయాలని అక్కయమ్మ పిన్ని నేర్పింది. కాబట్టి రాస్తున్నాను: నేను, పిన్ని, ఇంట్లో అందరం బాగున్నాం. ఇక్కడ చలి మొదలైంది. నాకు దగ్గు లేదు. ఇక అసలు సంగతి.

మొన్న పొద్దున బడికి పోతుంటే గాజుల అంగళ్ళ సందులో నలుగురు పిల్లలు చలిమంట చుట్టూ ఎగురుతూ పాడుతున్నారు. నేను అక్కడే నిలబడిపోయాను. అత్తా, అది మన పాట. నువ్వు రాట్నం దగ్గర దారం కండెలు చుడుతూ పాడే చలి ముసలమ్మ పాట. వాళ్ళలో ఒక్కరూ మన ఊరివాళ్ళు కారు. ఒకడు కన్నడం పిల్లవాడు, వాడు కన్నడం మాటలు పెట్టి అదే వరసలో పాడుతున్నాడు. "దొడ్డబళ్ళాపురం పాట మీకెట్లా వచ్చింది?" అని అడిగితే వాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "ఇది మా సందు పాట" అన్నారు.

బడిలో ఈ సంగతి చెబితే అందరికీ ఆ పాట వచ్చు. నలభై మందికీ వచ్చు. మా భాగీరథమ్మ టీచరు పిల్లలు పాడుకునే పాటలన్నీ ఏరి ఒక చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నారు. ప్రతి పాట కిందా కట్టినవారి పేరు, తెలియకపోతే "తెలియదు" అని వేస్తారట. చలి ముసలమ్మ పాట దగ్గరికి వచ్చి ఆమె "తెలియదు" అని రాయబోతుంటే నేను లేచి నిలబడి, "ఇది మా అత్త కట్టిన పాట" అన్నాను.

వెనక బెంచీలో చౌడమ్మ అని ఒక పిల్ల ఉంది. వర్తూరు నుంచి వచ్చి బడి హాస్టల్లో ఉంటుంది. ఆమె నవ్వింది. "మా అవ్వ చిన్నప్పటి నుంచి పాడతా ఉండాది. మీ అత్త మా ఊరికి వచ్చి నేర్పిచ్చిందేమో" అన్నది. క్లాసంతా నవ్వింది.

టీచరు నవ్వలేదు. ఒక్క ప్రశ్న వేసింది. ఈ పాటలో ప్రతి చరణం చివరా "కంబళిలో ఉండాడు మా ఫలానా" అని నిద్రమొద్దు పేరు వస్తుంది కదా. బళేపేటలో ఒక పేరు, వర్తూరులో ఒక పేరు. ఏ సందు పిల్లలు ఆ సందులో ఆలస్యంగా లేచేవాడి పేరు పెట్టుకుంటారు. "పాట మొదట కట్టినప్పుడు అక్కడ ఉన్న పేరు ఏది? అది ఆధారంతో చెప్పగలిగినవారే కట్టినవారు" అన్నది. డిసెంబరు ఇరవైలోగా చెప్పాలి. ఆ రోజే పుస్తకం ప్రెస్సుకు పోతుంది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు ఒకసారి "ఇది నేను కట్టిందేలే" అని వెంటనే మాట మార్చేశావు. నాకు బాగా గుర్తుంది. అత్తా, ఆ మొద్దు ఎవరు? పేరు రాయించు.

ఓబళప్ప మామా, చదువు రాని అత్తకు ఉత్తరాలు చదివేదీ రాసిపెట్టేదీ మీరే, ఇది అరుగు మీద అందరి ముందూ చదువుతున్నారని నాకు తెలుసు. దయచేసి ఈ ప్రశ్న రెండుసార్లు చదవండి. కండెల రాట్నాల సద్దులో అత్తకు వినపడదు.

నీ
మునిలక్ష్మి


దొడ్డబళ్ళాపురం
29-11-1946

చిరంజీవి మునిలక్ష్మికి అత్త పిల్లమ్మ ఆశీర్వదించి వ్రాయించునది.

నీ ఉత్తరం అందినది. ఓబళప్ప చదివి వినిపించినాడు. మోకాళ్ళ నొప్పి తగ్గినది. మీ నాన్న మగ్గానికి కొత్త పడుగు వచ్చినది. మంచు ఎక్కువగా ఉన్నందున పొద్దున వీధి పొడవునా పడుగు దారాలు చాచినప్పుడు పిల్లలు బయటికి రావడం లేదు. ఒక్కో ఊతకర్ర పట్టుకొని ఒక్కరు నిలబడితేగాని పడుగు నిలవదు గదా. ఒక్కరు రాకపోయినా అక్కడ వాలిపోతుంది.

నువ్వు చలికి చెవులు కప్పుకొని బడికి పోవలెను. తలకు నూనె మానవద్దు.

పాట విషయము. ఆ పాట నేను కట్టలేదు. ఎవరు కట్టినారో నాకు తెలియదు. చిన్నపిల్లవు, ఏదో అన్నది ఏదోగా గుర్తు పెట్టుకొన్నావు. అందులో పేరు కూడా ఏమీ లేదు. టీచరుగారికి అట్లే చెప్పవలసినది.

ఇట్లు
పిల్లమ్మ

(మునిలక్ష్మీ, నీవు కోరినట్లు ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పటికి మీ అత్త లేచి లోపలికి పోయి అన్నం కుండ చూసి వచ్చింది. కుండ అప్పటికే దించి ఉంది. ఆమె చెప్పింది చెప్పినట్లు రాయడం నా పని. రాశాను. నీ అక్షరాలు గుండ్రంగా కుదిరాయి, కొమ్ములు మాత్రం పొడుగు చేస్తున్నావు. – ఓబళప్ప)


బెంగళూరు, బళేపేట
3-12-1946

అత్తకు మునిలక్ష్మి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. కోపం కాదు. నేను అబద్ధం ఆడానా, లేక ఎనిమిదేళ్ళ వయసులో విన్న మాటని పెంచి పెద్ద చేసుకున్నానా అని ఆలోచించాను. పెంచుకోలేదు. నువ్వు అప్పుడు ఏ రంగు కండె చుడుతున్నావో కూడా చెప్పగలను. నెమలికంఠం రంగు.

టీచరు ఆ పాట కింద "తెలియదు" అని పెన్సిలుతో రాసింది. "ఇరవయ్యో తేదీ వరకూ పెన్సిలే. ఆ తర్వాత సిరా" అన్నది. ఆమె దయ అది. కానీ క్లాసులో నాకు కొత్త పేరు వచ్చింది. అత్త పాట మునిలక్ష్మి. నీళ్ళ తొట్టి దగ్గరికి పోతే "మీ అత్త కట్టిన తొట్టేనా?" అంటారు. గంట కొడితే "మీ అత్త కట్టిన గంటేనా?" అంటారు. మొదటి రోజు ఏడ్చాను. రెండో రోజు నోటుబుక్కు తీశాను.

వారం రోజులుగా పాట తెలిసినవాళ్ళనందరినీ అడిగి ఎవరెలా పాడతారో రాసుకుంటున్నాను. పదిహేడు రకాలు దొరికాయి. మన ఊళ్ళో "కోడి కూసె, కాకి అరిచె, పడుగు వాలిపాయె" అంటాం. చౌడమ్మ వాళ్ళు వర్తూరులో "చెరువు పొగలు గక్కె" అంటారు. అక్కడ చెరువు మీద మంచు లేస్తుందట. మాట ఎంత బాగుందో చూడు. చౌడమ్మ మీద కోపం ఉన్నా ఆ మాట మీద కోపం రాలేదు. సిపాయిలుండే దండు ప్రాంతంలో పాలు పోసే ముసలాయన తన చిన్నప్పటి నుంచే ఇది ఉందన్నాడు. ఆయన మనవరాలు అదే పాట పాడి తమ్ముణ్ణి లేపుతోంది. ఇంతకాలం ఒక పాట పాతబడకుండా ఎలా ఉంటుందా అని ఆలోచిస్తే నాకు ఒకటి తోచింది. ప్రతి సందులోనూ లేవనివాడు ఒకడు పుడుతూనే ఉంటాడు. ఆ పేరు ఉండే చోటు ఖాళీగా ఉంది కాబట్టి పాట వాళ్ళదైపోతుంది.

కానీ అత్తా, ఒకటి మాత్రం అర్థం కావడం లేదు. పదిహేడు రకాల్లోనూ మూడే చరణాలు. మొదటి దాంట్లో ముసలమ్మ కొండ దిగి వస్తుంది. రెండో దాంట్లో తలుపు తడుతుంది. మూడో దాంట్లో కాలూ చెవీ పట్టి లాగుతుంది. అంతే. లేచాడా, లేవలేదా? కథ ఆగిపోయినట్టుంది. ఇది కట్టినవాళ్ళు ఇక్కడ ఆపి ఉండరనిపిస్తుంది. నువ్వు కాకపోతే కట్టినవాళ్ళెవరో నీకు తెలుసేమో. ఇంకోసారి ఆలోచించు. నా మాట నిలబడాలి, అది నిజం. దానికంటే ముఖ్యం, ఇంత పాట కట్టినవాళ్ళ పేరు దగ్గర "తెలియదు" అని సిరాతో పడకూడదు.

నీ
మునిలక్ష్మి


దొడ్డబళ్ళాపురం, రైల్వే స్టేషన్
8-12-1946

అమ్మీ,

ఈ ఉత్తరం స్టేషన్‌లో టికెట్లు ఇచ్చే అయ్యవారితో రాపిస్తాండా. నేను ఎట్ల చెప్తే అట్లనే రాయమన్నా. ఆయప్ప నవ్వుకుంటా రాస్తాండాడు. దీనికి జవాబు రాయొద్దు. రాసినావంటే ఓబళప్ప చేతికి పోతాది.

పాట నేను కట్టిందే. నాకు పన్నెండేండ్లు. చలికాలంలో తెల్లారి పడుగు చాపేటప్పుడు వీధిలో పిల్లలందర్నీ లేపే పని నాది. ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టాల. నన్ను చూస్తే పిల్లోళ్ళు "చలి ముసలమ్మ వచ్చె" అని దాక్కుంటాండ్రి. అందరూ లేస్తారు, ఒక్కడు మాత్రం లేవడు. వాని ఊతకర్ర దగ్గర దినామూ పడుగు వాలిపోయేది, మా నాయన నన్నే తిట్టేవాడు. ఆ కసితో కట్టినా. మూడు దినాల్లో వీధంతా పాడినారు.

వాడు ఎవరంటావా? నీ ఉత్తరాలు ఎవరు చదువుతాండారో వాడే. ఓబళప్పే. అప్పుడు తొమ్మిదేండ్లోడు.

వాళ్ళమ్మ వచ్చి మా గడప ముందర నిలబడి నన్ను అనని మాట లేదు. ఆ పేరు పెట్టి ఇంక ఎవురూ పాడకూడదని పెద్దోళ్ళు కట్టడి చేసినారు. ఇప్పుడు చూడు, ఆయప్ప వీధికి పెద్దమనిషి. పంచాయితీ చెప్తాడు. పిల్లోళ్ళు ఆయప్పను చూస్తే గోలీలు జేబులో వేసుకుంటారు. అట్లాటోని చేత, అరుగు మీద అందరి ముందర, "నిద్రమొద్దు ఓబళప్ప" అని నేను ఎట్ల రాపిచ్చేది? మీ నాయన నిన్ను బడి మానిపిస్తానంటే అడ్డం పడినది ఆయప్పే గదా.

నువ్వు అడిగినావే, కథ ఆగిపోయినట్టుండాదని. ఆగలేదు. నాలుగోది ఉండాది. వాళ్ళమ్మ తిట్టిపోయినాక కూడా లేపే పని నాదే. ఒక తెల్లారి కప్పుకునేదానికి ఏమీ లేక గడగడ వణుకుతా వాళ్ళ తలుపు కాడ నిలబడినా. వాడు లేచి వచ్చి, కంబళి తీసి నా మీదికి విసిరి, "నీ పండ్లు కొట్టుకునే సద్దుకు నిద్ర పట్టదు, కప్పుకో" అన్నాడు. ఆ పొద్దే కట్టి, వాళ్ళ గోడ కాడ నిలబడి వానికొక్కనికే పాడినా. మళ్ళీ ఎవరికీ పాడలేదు.

లాగి లాగి అలసె చలి ముసలమ్మ
గడగడా వణికె చలి ముసలమ్మ
చోటుండాది రమ్మనె, జరిగి చోటు ఇచ్చె
కంబళి సగమిచ్చె మా ఓబళప్ప

నీకు తెలియాలని రాపిచ్చినా. ఎవరికీ చూపిచ్చొద్దు. నీ మాట పోతాదని నాకూ బాధుండాది. కానీ ముసలితనానికి వచ్చినాక ఆయప్పను మళ్ళీ నవ్వులపాలు చేయలేను, అమ్మీ.

పిల్లమ్మ


బెంగళూరు, బళేపేట
11-12-1946

అత్తకు మునిలక్ష్మి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. పరీక్షలు దగ్గరికి వచ్చాయి. లెక్కలు చదువుతున్నాను.

పాట విషయం ఇక వదిలేశాను. ఈ రోజు క్లాసులో లేచి, నేను పొరపాటు పడ్డానని, కట్టినవారెవరో మాకు తెలియదని చెప్పాను. చౌడమ్మ ఈసారి నవ్వలేదు. అందుకు నాకు ఇంకా కష్టంగా ఉండింది. భాగీరథమ్మ టీచరు సిరాబుడ్డి మూత తీసి, నా ముఖం చూసి, మళ్ళీ పెట్టేసింది. "ఇరవై అన్నాను కదా, ఇరవై వరకూ ఆగుదాం" అన్నది. ఆగనవసరం లేదన్నాను.

ఓబళప్ప మామకు నా నమస్కారాలు. మామా, మూడేళ్ళ క్రితం నాన్న నన్ను బడి మానిపించి రాట్నం ముందు కూర్చోబెడతానన్నప్పుడు మీరు మా గడపలో కూర్చుని "ఆ పిల్లను బడికి పంపుతాననేదాకా నేను ఇక్కడినుంచి లేవను" అన్నారు. మధ్యాహ్నం దాకా లేవలేదు. ఆ సంగతి ఎందుకో ఈ రోజు గుర్తు వచ్చింది. మీకు ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

నీ
మునిలక్ష్మి


దొడ్డబళ్ళాపురం
15-12-1946

చిరంజీవి మునిలక్ష్మికి ఓబళప్ప ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఎవరూ చెప్పి రాయిస్తున్నది కాదు. నా అంతట నేను రాస్తున్నాను. నీకు రాసిన ఉత్తరాల్లో నా సొంత మాట ఎప్పుడూ కుండలీకరణాల్లోనే ఉండేది. ఈసారి బయటికి వచ్చాను.

నీ ఉత్తరం అరుగు మీద చదివాను. చదువుతుంటేనే నాకు అనుమానం వచ్చింది. నీ ఉత్తరాల్లో ఎప్పుడూ ఏదో ఒక మాటని పట్టుకొని మురిసిపోతావు. ఇందులో అలాంటి మాట ఒక్కటీ లేదు. లెక్కలు చదువుతున్నానని రాశావు. నువ్వు లెక్కలు ఎప్పుడు చదివావు? పైగా మీ అత్త పోయినవారం మోకాళ్ళ నొప్పితో స్టేషన్ దాకా నడిచి వెళ్ళింది. రైలు ఎక్కలేదు, ఎవరినీ దించుకోలేదు. ఎందుకు వెళ్ళిందని వీధిలో అందరూ అడుగుతున్నారు. స్టేషన్ అయ్యవారు నన్ను చూసినప్పుడల్లా కంబళి మడిచి చంకలో పెట్టుకున్నట్టు చేసి నవ్వుతున్నాడు. ఇక నాకు అర్థం కాకుండా ఉంటుందా?

నా పేరు చెబితే నాకు అవమానమని మీరిద్దరూ కలిసి నన్ను కాపాడుతున్నారు. మునిలక్ష్మీ, ఆ పాట బెంగళూరికి ఎలా వచ్చిందనుకున్నావు? నేను తెచ్చాను.

మా అమ్మ పోట్లాడింది నిజమే. నన్నెవరూ అడగలేదు. మా వీధిలో ముప్పై మంది పిల్లలుంటే ఎవరిమీదా పాట లేదు, నా మీద ఒక్కడి మీదే ఉంది. నాకు ఎంత గొప్పగా ఉండిందో ఎవరికి చెప్పేది? ఊళ్ళో పాడకూడదని కట్టడి చేశారు. సరే, ఊరి బయట పాడాను. పదేళ్ళప్పటి నుంచి నాన్న చీరల మూట తీసుకొని వారం వారం బెంగళూరు వచ్చేవాడు, నన్ను వెంట తెచ్చేవాడు. ఆయన చిక్కపేట అంగళ్ళలో బేరం చేస్తున్నంతసేపూ నేను సందుల్లో పిల్లలతో ఉండేవాణ్ణి. ఆటల్లో నేను దేనికీ పనికివచ్చేవాణ్ణి కాదు. పాట నేర్పిస్తే చేర్చుకునేవాళ్ళు. మా అక్కను వర్తూరికి ఇచ్చారు. అక్కడికి పోయిన రెండు చలికాలాలూ నేర్పాను. చౌడమ్మ అవ్వ ఎవరో నాకు తెలియదు గాని, ఆమెకు మొదట నేర్పింది నేనో, నేను నేర్పినవాళ్ళో అయి ఉండాలి.

వాళ్ళు "ఓబళప్ప ఎవరు?" అని అడిగేవాళ్ళు. "నేనే" అంటే నమ్మేవాళ్ళు కారు. అందుకే చెప్పాను, "మీ మొద్దు పేరు పెట్టుకోండి, పాట మాత్రం మార్చొద్దు" అని. పాట కూడా మార్చారని నీ నోటుబుక్కు చెబుతోంది. చెరువు పొగలు గక్కె అన్నది నాకూ నచ్చింది.

మరి మొన్న "నేను కట్టలేదు" అని మీ అత్త చెబితే ఎందుకు రాశానంటావు. ఆమె ఆ పాటకు సిగ్గుపడుతోందనుకున్నాను. మా అమ్మ తిట్టిన తిట్లు ఇంకా మరిచిపోలేదనుకున్నాను. నలభై అయిదేళ్ళుగా రోజూ ఒకే అరుగు మీద కూర్చుంటున్నాం, ఒక్కసారి కూడా ఈ మాట ఎత్తలేదు. ఆమె బాధపడుతుందని నేను, నేను బాధపడతానని ఆమె.

ఇంకొకటి. నువ్వు అడిగినట్టు నాలుగో చరణం ఉంది. అది ఎక్కడా పాడలేదు. అది నాకు ఇచ్చినది, ఊరికి ఇచ్చినది కాదు. ఉత్తరంలో కూడా రాయను. ఇరవయ్యో తేదీ పొద్దుటి రైలుకు వస్తున్నాను. టీచరుగారికి చెప్పి ఉంచు. నిద్రమొద్దును స్వయంగా చూడవచ్చునని చెప్పు.

ఆలస్యం కాకుండా వస్తాను.

ఓబళప్ప


బెంగళూరు, బళేపేట
20-12-1946

అత్తకు మునిలక్ష్మి వేయి నమస్కారాలు.

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. ఓబళప్ప మామే తెచ్చి, అరుగు మీద కూర్చుని, అందరి ముందూ తానే చదువుతాడు. మామా, ఇందులో మిమ్మల్ని పొగిడిన చోట గొంతు తగ్గించవద్దు. ఒక్క మాట కూడా వదలవద్దు. అత్తా, వదిలాడేమోనని అనుమానం వస్తే స్టేషన్ అయ్యవారిని పిలిపించు.

పొద్దున రెండో గంట కొట్టక ముందే మామ బడి వాకిట్లో ఉన్నాడు. తెల్ల పంచె, కోటు, తలపాగా. భుజం మీద మడిచిన నల్ల కంబళి. ఎవరో జడ్జీగారు వచ్చారని ప్యూను లేచి నిలబడ్డాడు. క్లాసులోకి వచ్చి, టీచరుకు నమస్కరించి, "పాటలో లేవనోడు నేనేనమ్మా. ఈ పొద్దు లేచి వచ్చినా" అన్నాడు. క్లాసు పగలబడి నవ్వింది. అది నన్ను చూసి నవ్వే నవ్వు కాదు. ఎంత తేడా ఉంటుందో నవ్వుకీ నవ్వుకీ.

టీచరు అన్నది: "మీ మాట నమ్ముతాను. కానీ పుస్తకంలో వేయాలంటే నాకు ఆధారం కావాలి. పేరు ఎవరైనా చెప్పవచ్చు." అప్పుడు నేను లేచాను. అత్తా, నన్ను క్షమించు. నువ్వు చూపించవద్దన్న స్టేషన్ ఉత్తరం నా సంచిలోనే ఉంది. మామే ఎదురుగా నిలబడి ఉన్నాక దాచడానికి ఏముంది? చివరి నాలుగు లైన్లు మాత్రం కనపడేలా మడిచి టీచరుకు ఇచ్చాను. మామ ఆ ఉత్తరం చూడలేదని, అందులో ఏముందో ఆయనకు తెలియదని చెప్పాను. టీచరు దాన్ని చదివి, నేరుగా చౌడమ్మకు ఇచ్చింది. "నువ్వు పట్టుకో. ఆయన చెప్పేది ఒక్కో మాటా సరిచూడు" అన్నది.

మామ కిటికీ వైపు తిరిగాడు. చెప్పలేదు, పాడాడు. ఆయన పాడటం నేను ఎప్పుడూ వినలేదు. లాగి లాగి అలసె చలి ముసలమ్మ. చౌడమ్మ వేలు కాగితం మీద కదులుతోంది. గడగడా వణికె చలి ముసలమ్మ. వేలు కదులుతోంది. చోటుండాది రమ్మనె, జరిగి చోటు ఇచ్చె. ఆఖరి లైనుకు వచ్చేసరికి చౌడమ్మ ఆగలేక తానూ గొంతు కలిపింది. కంబళి సగమిచ్చె మా ఓబళప్ప. ఇద్దరి నోటా ఒక్క అక్షరం తేడా లేదు.

మామ ఇటు తిరిగి, "దీంట్లో ఒక అబద్ధం ఉండాది. నేనిచ్చింది సగం కాదు, పూర్తి కంబళి" అన్నాడు. టీచరు నవ్వి, "అది కట్టినావిడతో తేల్చుకోండి" అన్నది. కట్టినావిడతో. ఆ మాట విన్నావా అత్తా? పెన్సిలు గీత రబ్బరుతో తుడిచి, సిరాబుడ్డి మూత తీసి, నా చేతికి కలం ఇచ్చింది. నేనే రాశాను. కట్టినది: పిల్లమ్మ, దొడ్డబళ్ళాపురం. కొమ్ములు పొడుగు చేయలేదు.

ఆ తర్వాత జరిగింది ఎలా రాయాలో తెలియడం లేదు. పాడమని ఎవరూ చెప్పలేదు. చౌడమ్మే మొదలుపెట్టింది. నలభై మందీ అందుకున్నారు. పక్క క్లాసులవాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చి వాళ్ళ వాళ్ళ మొద్దుల పేర్లతో పాడారు. నాలుగో చరణం చౌడమ్మ కాగితం చూసి ఒక్కో లైనూ అందిస్తుంటే అందరూ ఒక్క పేరే పాడారు. మామ కంబళి విప్పి భుజాల మీద కప్పుకొని నిలబడ్డాడు. పెద్దలకు సన్మానం చేసేటప్పుడు శాలువా కప్పుతారు కదా. ఈయన తనది తానే తెచ్చుకున్నాడు.

చివరికి చౌడమ్మ నా దగ్గరికి వచ్చి, "మీ అత్త ఇంకేమి కట్టిందో అడిగి రాస్తావా?" అన్నది. ఈసారి అది వెక్కిరింత కాదు.

టీచరు ఒక నిర్ణయం చేసింది, నీ అనుమతి అడగమన్నది. అది వచ్చేదాకా ఈ ఒక్క పేజీ ప్రెస్సుకు పంపదట. పుస్తకంలో మొదటి మూడు చరణాల్లో పేరు ఉన్నచోట ఖాళీ గీత వేస్తుంది. ఎవరింటి మొద్దు పేరు వాళ్ళు పెట్టుకోవచ్చు. నాలుగో చరణంలో మాత్రం పేరు అచ్చు వేస్తుంది. కింద చిన్న అక్షరాల్లో, "ఈ పేరు మార్చరాదు" అని.

సరేనంటావా?

నీ
మునిలక్ష్మి


దొడ్డబళ్ళాపురం
19-1-1947

అమ్మీ,

పుస్తకం వచ్చె. ఈసారి నేను ఎట్ల చెప్తే అట్లనే రాయాల, మీ పంతుళ్ళ భాషలోకి దిద్దొద్దని ఓబళప్పకు చెప్పినా. తల వంచుకొని రాస్తాండాడు.

నా పేరు ఎక్కడుండాదో చూపిచ్చమంటే వేలు పెట్టి చూపిచ్చినాడు. దారం పోగంత ఉండాది. ఇంత సన్నంగా ఉండేది అంత దూరం పోయిందా అని చాలాసేపు చూసినా. మీ నాయన పుస్తకం తీసుకొని పోయి మగ్గం పక్కన గూట్లో పెట్టినాడు. ఎవరొచ్చినా తీసి చూపిస్తాండాడు. పిల్లను రాట్నం కాడ కూర్చోబెట్టాలనుకున్నోడివి నువ్వేనా అని నేను అడగలేదు.

కంబళి సంగతి. పూర్తిగా ఇచ్చినానని మీ బడిలో చెప్పినాడంట. అబద్ధం. భుజం మీద ఉండే కొస వదల్లేదు. కొస పట్టుకొని మిగతాది విసిరినాడు. కొలిస్తే సగమే. నేను పాటలో తప్పు పెట్టలేదు.

ఈ పొద్దు తెల్లారి వీధిలో పడుగు చాపినాము. మంచు బాగా ఉండె. పిల్లోళ్ళను లేపుదామని తలుపు తీస్తే, పాత చోటులో, పాత ఊతకర్ర కాడ, ఓబళప్ప కంబళి కప్పుకొని నిలబడి ఉండాడు. అందరికన్నా ముందు వచ్చినాడు. నలభై అయిదేండ్లు ఆలస్యం చేసినావప్పా అంటే, పడుగు వాలిందా లేదా చూడు, అన్నాడు. చూసినా. ఈసారి వాలలేదు.

చెవులు కప్పుకొని బడికి పో.

పిల్లమ్మ

(పైన ఉన్నదంతా పిల్లమ్మక్క చెప్పింది చెప్పినట్లే రాశాను. కంబళి మాట ఒక్కటి తప్ప మిగిలినదంతా నిజం. – ఓబళప్ప)